డిక్కీలో తప్పెటలు, నోట్లో రెయిన్‌బో

నా తెలివితేటల పుణ్యమా అని ఒక మధ్యాహ్నం ఎనిమిది వాద్యాలు మాయమయ్యాయి. ఏ పాపమూ ఎరగని ఒక టాక్సీవాలా నిద్ర చెడింది. ఒక ట్రాఫిక్ కానిస్టేబులు నాలుగు రోడ్ల కూడలిని దేవుడికి వదిలేసి కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు కలుపుకుంటూ కూర్చున్నాడు. మా మావయ్య నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన రోజు గంగపాలు కాబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఇదంతా గంటన్నరలో సాధించాను. ఇంకా తొందరగా చేసేవాణ్ణే గానీ మధ్యలో టీ తాగాం.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. కోల్‌కతాలో దాదాపు ప్రతి బండి నంబరూ డబ్ల్యూ, బి అన్న అక్షరాలతో మొదలవుతుంది. తర్వాత రెండు అంకెలు, తర్వాత ఒకటో రెండో అక్షరాలు, చివర నాలుగంకెలు. ఆరోగ్యవంతుడైన మనిషి బండిని చూసి పక్కకి తప్పుకుంటాడు. నేను నిలబడి ప్లేటు చూస్తాను. ఆ డబ్ల్యూ, బి, మధ్యలోని అక్షరాలు, అన్నీ ఇమిడే ఒక ఇంగ్లీషు మాట దొరికేదాకా అక్కణ్ణుంచి కదలను. వరసలో ఉండక్కర్లేదు, ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. సి, ఆర్ అని ఉంటే 'క్రోబార్'. ఎల్, ఈ అయితే 'ఎల్బో'. ఎస్, టి అయితే 'స్ట్రాబెర్రీ'. స్ట్రాబెర్రీలో డబ్ల్యూ ఎక్కడిదని అడక్కండి. ఉంది. మనం పలకకుండా మింగేస్తాం.

ఈ ఆటలో నాకు పోటీ ఎవరూ లేరు. బహుమతి లేదు. అంకెలకి అసలు చోటే లేదు. ఈ చివరి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. అప్పుడు నేను బీకాం చివరి ఏడాదిలో ఉన్నాను. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా ఇంటి చుట్టుపక్కల నన్ను మేధావి అనుకునేవారు. ఆ అభిప్రాయాన్ని నేనెప్పుడూ ఖండించలేదు.

ఇక మావయ్య. మా అమ్మకి అన్న, పేరు సింహాచలం, లిలువాలో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వృత్తి అది. ప్రాణం మాత్రం తప్పెటగుళ్ళు. గుండ్రటి రేకు తప్పెటని ఛాతీకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, గిరగిరా తిరుగుతూ పాడే ఆట. మా తాతలు శ్రీకాకుళం నుంచి రైలెక్కినప్పుడు ట్రంకుపెట్టెలతో పాటు దీన్నీ దించుకున్నారు. మావయ్య బృందంలో ఎనిమిది మంది. నలభై ఏళ్ళుగా క్వార్టర్ల మధ్య మైదానంలోనూ, అమ్మవారి పండగల్లోనూ ఆడుతున్నారు.

భవానీపూర్‌లో మరో తెలుగు సంఘం ఉంది. కంపెనీ ఉద్యోగాల మీద కొత్తగా వచ్చినవాళ్ళది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, ఏటా ఒక వీణ, ఒక నాట్యం. మావాళ్ళని చూస్తే ఎంతో మర్యాదగా నవ్వి, వెనక వరసలో కూర్చోబెట్టేవారు. ఆ సంవత్సరం ఎవరికి ఏం తోచిందో, మావయ్య బృందాన్ని వేదిక మీదకే పిలిచారు. సాయంత్రం ఐదున్నరకి, ఇరవై నిమిషాలు. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ సమయం వేణువు వాయించే అమ్మాయికి ఇచ్చేస్తామని అధ్యక్షుడు ఎంతో మృదువుగా చెప్పాడు.

మిగతా ఏడుగురూ బస్సులో ముందే వెళ్ళిపోయారు. తప్పెటలు, గజ్జెలు రెండు గోనెసంచుల్లో కట్టి, సంత్రాగాఛి స్టేషను దగ్గర పసుప్పచ్చ టాక్సీ డిక్కీలో పెట్టాం.

"అల్లుడూ, నాను డ్రైవరు పక్కన కూకుంటాను. నువ్వు ఎనకాల కూకో. అక్కడ దిగీసినాక డిక్కీలో సంచులు దించీడం నీ పని."

"ఇంకా?"

"ఇంకేటీ నేదు. బీకామోడివి, ఆమాత్రం సేత్తావు కదేటి?"

"ఏటి మావయ్యా, అదో పనా?" అన్నాను.

దారి పొడుగునా మావయ్య డ్రైవరుతో హిందీలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన హిందీలో క్రియలు శ్రీకాకుళానివి, తక్కినవి ఎక్కడివో తెలియదు. నేను వినలేదు. వంతెన మీద ముందు వెళ్తున్న లారీకి మాట వెతికే పనిలో ఉన్నాను.

భవానీపూర్ చేరేసరికి మూడూ నలభై. హాలున్న సందు వన్ వే, టాక్సీ లోపలికి రాదు. పెద్దరోడ్డు మీద, ఆగి ఉన్న ఇంకో పచ్చ టాక్సీ ముందు, మా బండి ఆపాడు. మావయ్య డబ్బులిచ్చి దిగి పాన్ షాపతన్ని దారి అడుగుతున్నాడు. నేను సంచులు దించడానికి వెళ్ళి రెండు టాక్సీల మధ్య ఇరుకులో దూరాను. కళ్ళ ఎదురుగా నంబరు ప్లేటు. డబ్ల్యూ, బి, ఇంకో రెండు అక్షరాలు.

ఒక్క క్షణం, అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నాకు ఆలోచన కళ్ళు మూసుకుంటేనే వస్తుంది. మొదట ఏమీ తట్టలేదు. తర్వాత ఏదో సగం తట్టింది. ఆ తర్వాత, మబ్బులు విడినట్టు, ఏడు అక్షరాల మాట నిండుగా వచ్చి ఎదుట నిలబడింది. రెయిన్‌బో. ఆ ఆనందంలో డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. ధబ్, ధబ్.

కోల్‌కతాలో బస్సు కండక్టరు బండి రేకు మీద రెండు దెబ్బలు వేశాడంటే దానికి ఒకటే అర్థం. అంతా అయిపోయింది, పోనీయ్. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఇది నడక రాకముందే తెలుస్తుంది. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. డ్రైవరుకి కూడా తెలుసు. పోనిచ్చాడు.

నేను తేరుకుని చూసేసరికి మా టాక్సీ మలుపు తిరుగుతోంది. మాట నా దగ్గరుంది. తప్పెటలు దాని దగ్గరున్నాయి.

మావయ్య వచ్చాడు. "సంచులేవిరా?"

"డిక్కీలో."

"డిక్కీ ఏది?"

నేను మలుపు వైపు చూపించాను. మావయ్య ఆ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ఆ వైపు చూశాడు. ఇద్దరం మలుపు దాకా పరిగెత్తాం. అక్కడ కనీసం పదిహేను పచ్చ టాక్సీలున్నాయి. ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉన్నాయి.

"నంబరు సూసినావా?" అన్నాడు మావయ్య రొప్పుతూ.

"చూశాను మావయ్యా. చాలాసేపు చూశాను."

ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "సెప్పు మరి."

"రెయిన్‌బో."

ఆ రక్తం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. "నానడిగింది నంబరురా."

"నంబరు గుర్తులేదు. అందులో అక్షరాలతో కట్టిన మాట గుర్తుంది."

"అయితే ఆ మాటలోంచి అక్షరాలు తియ్యి."

"ఏడక్షరాలున్నాయి మావయ్యా. అందులో బండివి ఏవో, నేను కలిపినవి ఏవో తెలియటం లేదు. పకోడీలోంచి ఉల్లిపాయని వెనక్కి తీసినట్టుంటుంది."

మావయ్య ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "ఆ పెద్ద తప్పెట మా నాన్నదిరా," అన్నాడు. "ఆడు దాన్ని ఇలాటి జాగాలో వాయించాలని సూసి సూసి పోనాడు."

కూడలిలో గొడుగు కింద ట్రాఫిక్ కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, అలసిన మీసం. ఇకపై సంభాషణంతా బెంగాలీలోనూ, హిందీలోనూ జరిగింది. తెలుగులో పెడుతున్నాను.

"దాదా, టాక్సీలో మా సామాను ఉండిపోయింది."

"నంబరు?"

"రెయిన్‌బో."

"కంపెనీ పేరా?"

"కాదు దాదా."

"టాక్సీ మీద బొమ్మ ఉందా?"

"లేదు."

"డ్రైవరు పేరు రెయిన్‌బోనా?"

నేను నా ఆట వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "సామాను ఏమిటి?" అన్నాడు, దాని గురించి మాట్లాడుకోవడం తేలికని తోచినట్టుంది. తప్పెటకి బెంగాలీలో ఏమంటారో మాకిద్దరికీ తెలియదు. మావయ్య రెండు చేతులతో ఛాతీ మీద దబదబా కొట్టుకుని చూపించాడు, పైగా రెండు గంతులు వేశాడు. కానిస్టేబులు గాభరాపడి ఆయన్ని పట్టుకెళ్ళి పక్కనే ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, "ఎడమ చేయి కూడా లాగుతోందా కాకా?" అని అడిగాడు.

గుండెకేమీ కాలేదని తేలాక, మంచివాడు, వైర్‌లెస్‌లో తర్వాతి కూడలికి చెప్పాడు. "పచ్చ టాక్సీ. రెయిన్‌బో." కాసేపటికి అవతలి నుంచి జవాబొచ్చింది. ఏడు రంగుల టాక్సీ ఏదీ ఇటు రాలేదు, వస్తే ఆపుతాం.

అదే బల్ల మీద పేపరు చదువుకుంటున్న ఒక పెద్దమనిషి, కళ్ళజోడు సర్దుకుని, ఎవరూ పిలవకుండానే మా కష్టంలోకి వచ్చేశాడు.

"డబ్ల్యూ, బి తీసెయ్. ఆర్, ఏ, ఐ, ఎన్, ఓ. ఐదు మిగిలాయి. ఇందులో ఏవో రెండు. ముందూ వెనకా మార్చి రాస్తే ఇరవై జతలు. రాసుకోండి."

కానిస్టేబులు చలానా పుస్తకం తిరగేసి రాసుకున్నాడు. "అంకెలు?"

"అంకెలు ఆటలో లేవు దాదా," అన్నాను.

"చివర నాలుగంకెలంటే ఒక్కో జతకి పదివేలు," అన్నాడు పెద్దమనిషి ఆనందంగా. "మొత్తం రెండు లక్షలు."

కానిస్టేబులు తలాడించాడు. "రెండు లక్షల టాక్సీల్లో మీదొకటి. దగ్గరికి వచ్చేశాం."

"మొదట్లో ఉండే రెండంకెలు ఇంకా కలపలేదు," అని పెద్దమనిషి గుర్తుచేశాడు.

నలుగురికీ టీ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. కోల్‌కతాలో ఒక సమస్య చుట్టూ నలుగురు చేరితే టీ దానంతటదే వస్తుంది. టైము నాలుగున్నర. ఎదురుగా ఒక మినీబస్సు ఆగింది. కానిస్టేబులు దాని ప్లేటు వైపు చూసి, గొంతు తగ్గించి, "దీనికి ఆర్, కె ఉన్నాయి. దీనికేం వస్తుంది?" అన్నాడు.

"వర్క్‌బుక్."

"బాగుంది," అన్నాడు. మరుక్షణం ఇంకో బండి వైపు తిరిగాడు. ఆయన వెనక కూడలిలో ఒక రిక్షా, ఒక పెరుగు వ్యాను, ఒక పెళ్ళి కారు ఎటు వెళ్ళాలో తెలియక ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

మావయ్య నా చెవిలో, "ఈడికీ అంటించీసినావేటి?" అన్నాడు.

"ఒకసారి దిగిన జాగాకి ఎల్దాం," అన్నాడు మళ్ళీ, లేచి. "టాక్సీవోడు ఎతుక్కుంటూ ఆడకే వొచ్చీసుంటాడు." మేం దిగిన చోటికి అందరం బయలుదేరాం. కానిస్టేబులు జాబితాతో, పెద్దమనిషి టీ గ్లాసుతో.

పాన్ షాపు ముందు ఒక పచ్చ టాక్సీ ఆగి ఉంది. ప్లేటు చూశాను. ఆర్, ఎన్. కానిస్టేబులు చెయ్యి పట్టుకుని లాగాను.

"దాదా, ఇదే. ఆర్, ఎన్. రెయిన్‌బో. నూటికి నూరు పాళ్ళు ఇదే."

కానిస్టేబులు జాబితా చూసుకుని టిక్కు పెట్టాడు. తర్వాత కిటికీ మీద కొట్టాడు. ముఖం మీద గంఛా తువ్వాలు కప్పుకుని పడుకున్న డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు.

"వీళ్ళ వాద్యాలు తీయ్."

"ఏ వాద్యాలు?"

"సంత్రాగాఛి నుంచి తెచ్చినవి. దాచకు, అక్షరాలు దొరికిపోయాయి."

డ్రైవరు దిగి, బండి ఎడమ వైపుకి వచ్చి వేలు చూపించాడు. అక్కడ ముందు చక్రం లేదు. చక్రం ఉండాల్సిన చోట నాలుగు ఇటుకలున్నాయి.

"పొద్దున పదింటికి పంక్చరైంది. స్టెప్నీలోనూ గాలి లేదు. చక్రం పట్టుకెళ్ళినవాడు ఇంకా రాలేదు. నేను మూడు చక్రాల మీద సంత్రాగాఛి వెళ్ళి, వీళ్ళ సామాను దొంగిలించి, తిరిగొచ్చి, ఇటుకలెక్కి పడుకున్నానంటారా?"

అయినా పట్టుదలగల మనిషి కనుక కానిస్టేబులు డిక్కీ తెరిపించాడు. లోపల గాలిలేని స్టెప్నీ, ఒక టిఫిన్ డబ్బా, ఒక గొడుగు. డ్రైవరు స్టెప్నీని రెండు చేతులా ఎత్తి మావయ్య ఛాతీకి ఆనించి, "ఇదేనా మీ వాద్యం?" అని అడిగాడు.

మావయ్య దాన్ని కాసేపు చూశాడు. "రౌండుగానే ఉంది," అన్నాడు నీరసంగా.

అప్పుడు నాకు వెలిగింది. మధ్యాహ్నం నేను నిలబడింది రెండు టాక్సీల నడుమ. మా డిక్కీకి వీపు పెట్టాను. చదివింది వెనక బండి ముందు ప్లేటు. వెనక్కి చెయ్యి చాచి దెబ్బలు కొట్టింది మాత్రం మా డిక్కీ మీద. అంటే మా టాక్సీ నంబరు నేను మరిచిపోలేదు. అసలు చూడనే లేదు. రెండు లక్షల టాక్సీల జాబితాలో మాది బహుశా లేనే లేదు.

ఈ సంగతి నలుగురికీ చెప్పాను. కానిస్టేబులు ఇరవై జతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. పెద్దమనిషి టీ ముగించి, "అయినా ఆర్, ఎన్‌కి బ్రౌన్ సరిపోతుంది. రెయిన్‌బో దాకా వెళ్ళడం దుబారా," అన్నాడు.

టైము ఐదూ పది. మావయ్య ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు. స్పీకరు మీద ఆయన గొంతు ఎంతో మృదువుగా వచ్చింది.

"సింహాచలం గారూ, ఎక్కడున్నారండీ? మీ వాద్యాలు నాలుగింటికే వచ్చేశాయి. మీరు మాత్రం రాలేదు."

"వాద్యాలొచ్చీసినాయా? ఎవులు తెచ్చినారు బాబూ?"

"మీ టాక్సీ అతనండీ. ముందు వరసలో కూర్చున్నాడు. మీరే రమ్మన్నారట కదా?"

తర్వాత తెలిసిందేమిటంటే, దారి పొడుగునా మావయ్య ఆ శ్రీకాకుళం హిందీలో చెప్పింది ఇదే. హాలు పేరు, సందు పేరు, ఎన్నింటికి ఆట, ఏమేం పాటలు, వాళ్ళ నాన్న తప్పెట కథ, చివర నువ్వూ వచ్చి చూడమన్న పిలుపు. డ్రైవరు మలుపు తిరగ్గానే డిక్కీలో గజ్జెలు ఘల్లుమన్నాయట. వన్ వే చుట్టూ తిరిగి తిన్నగా హాలుకి పట్టుకెళ్ళి దించాడు. మేం మనిషి కోసం ఊరంతా గాలిస్తుంటే ఆ మనిషి సంఘంవారి సమోసా తింటున్నాడు.

పరిగెత్తాం. సందులో పరిగెడుతూ మావయ్య అడిగాడు.

"ఇంతకీ ఆ రెయిన్‌బో అంటే ఏటిరా?"

"హరివిల్లు మావయ్యా."

"ఊఁ," అన్నాడు. ఆ 'ఊఁ'లో నాకు ప్రమాదం వినపడి ఉండాల్సింది.

ఐదూ ఇరవై ఎనిమిదికి వేదిక ఎక్కారు. వేణువు అమ్మాయి అప్పటికే ఒక మెట్టు ఎక్కి, మళ్ళీ దిగింది. మావయ్య వాళ్ళ నాన్న తప్పెట కట్టుకుని మొదటి దెబ్బ వేశాడు. మెత్తటి కుర్చీల్లో మర్యాదగా నవ్వడానికి సిద్ధమై కూర్చున్నవాళ్ళ నడుములు నిటారయ్యాయి. పది నిమిషాలకి చెప్పులు విప్పి తాళం వేస్తున్నారు. చివర, వాద్యం తగ్గించి, బృందాన్ని నడిపే గురువు సొంతంగా ఏదైనా అల్లి పాడే చోటు ఒకటుంటుంది. తప్పెటగుళ్ళలో అది ఆచారం. మావయ్య నా వైపు తిరిగాడు.

"ఏరినాడు అచ్చరాలు ఎర్రటెండలోన అల్లుడు
కట్టినాడు హరివిల్లు కారు మీద అల్లుడు
సంచి దించి తెమ్మంటే, ఓ సింవాద్రప్పన్నా,
మాటొకటి మూటగట్టి తెచ్చినాడు సూడరో"

ఏడుగురూ వంత పాడారు. మూడోసారికి హాలంతా పాడింది. టాక్సీ డ్రైవరుకి భాష రాకపోయినా అల్లుడెవరో గుర్తుపట్టి చేత్తో చూపించాడు. ఇరవై నిమిషాలు నలభై అయ్యాయి. మరుసటి ఏడాదికి అధ్యక్షుడు అక్కడికక్కడే పిలుపు ఇచ్చాడు, ఆ చివరి పాట తప్పకుండా ఉండాలన్న షరతు మీద. ఇప్పుడు ఎక్కడ ఆడినా దాన్నే అడుగుతున్నారు. మావయ్యకి పేరొచ్చింది. నాకూ వచ్చింది, కాకపోతే అది రెయిన్‌బో.

ఆట ముగిశాక మావయ్య నన్ను వేదిక మీదకి పిలిచి, అందరి ముందూ ఆ పెద్ద తప్పెట మీద నా చెయ్యి పెట్టించి ప్రమాణం చేయమన్నాడు. చేశాను. ఈ మహాసభ సాక్షిగా, డబ్ల్యూ సాక్షిగా, బి సాక్షిగా, నేటి నుంచి కదిలే బండి వెనకా, ఆగిన బండి ముందూ, రెండు బళ్ళ మధ్యా నిలబడి కళ్ళు మూసుకోనని, ఏ రేకు మీదా రెండు దెబ్బలు వేయనని, ఎవరైనా నంబరడిగితే అంకెలతోనే జవాబిస్తానని త్రికరణశుద్ధిగా పలికాను. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మావయ్య మాత్రం కొట్టలేదు. వేదిక చివర గొంతుక్కూర్చుని, సంచులు విప్పి, తప్పెటలు లెక్కపెట్టుకుంటున్నాడు.